శీతల వాతావరణంలో డీజిల్ ఇంధన వ్యవస్థ నిర్వహణ

శీతల వాతావరణంలో డీజిల్ ఇంధన వ్యవస్థ నిర్వహణ అనగా ఉష్ణోగ్రత బాగా పడిపోయినపుడు డీజిల్‌లోని మైనం పేరుకోకుండా, నీరు మంచుగా మారకుండా చూసి, ట్యాంకు నుండి ఇంజెక్టరు వరకు ఇంధనం ఆటంకం లేకుండా ప్రవహించేందుకు తీసుకునే జాగ్రత్తలు. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, రైలు ఇంజన్లు, ఆసుపత్రుల జనరేటర్లు అన్నింటికీ ఇవి వర్తిస్తాయి. మంచు ప్రాంతంలో నడిదారిలో ఇంజను ఆగిపోతే వాహనం లోపలి వెచ్చదనం కూడా పోతుంది కనుక ఇది ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన విషయం. ఈ జాగ్రత్తలలో ఎక్కువ భాగం చలి ముదరక ముందే తీసుకోవలసినవి.

## డీజిల్ గడ్డకట్టడానికి కారణం

డీజిల్ ఒకే పదార్థం కాదు. అది అనేక హైడ్రోకార్బన్‌ల మిశ్రమం. వీటిలో పొడవైన, శాఖలు లేని గొలుసు నిర్మాణం గల పారఫిన్‌లు ఉంటాయి. ఇవి బాగా మండుతాయి, డీజిల్‌కు ఉండవలసిన సీటేన్ సంఖ్యను పెంచుతాయి. కానీ చల్లబడినపుడు మొదట స్ఫటికాలుగా విడిపోయేవి కూడా ఇవే. ఈ స్ఫటికాలనే సాధారణంగా మైనం అంటారు.

స్ఫటికాలు పలుచని పలకల ఆకారంలో పెరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇంజను ఫిల్టరు రంధ్రాలు కొన్ని మైక్రాన్‌ల పరిమాణంలోనే ఉంటాయి కనుక, ట్యాంకులో డీజిల్ ఇంకా ద్రవంగానే ఉన్నా ఫిల్టరు ముందుగా మూసుకుపోతుంది. అందువల్ల వాహనం స్టార్టు అయి, కొంత దూరం నడిచి, తరువాత శక్తి కోల్పోయి ఆగిపోవడం ఈ సమస్యకు ముఖ్య లక్షణం. డీజిల్ తిరిగి తగినంత వేడెక్కితే మైనం మరల కరిగిపోతుంది.

## ముఖ్యమైన మూడు ఉష్ణోగ్రతలు

* క్లౌడ్ పాయింట్: చల్లబరుస్తున్న డీజిల్‌లో మైనపు స్ఫటికాలు మొదటిసారి కనిపించే ఉష్ణోగ్రత. ఇంధనం మబ్బు పట్టినట్లు మసకబారుతుంది.
* కోల్డ్ ఫిల్టర్ ప్లగ్గింగ్ పాయింట్ (సి.ఎఫ్.పి.పి.): ఫిల్టరు మూసుకుపోయే ఉష్ణోగ్రత. పరీక్షలో డీజిల్‌ను క్రమంగా చల్లబరుస్తూ 45 మైక్రాన్‌ల జల్లెడ గుండా పీలుస్తారు. 20 మిల్లీలీటర్లు 60 సెకన్లలో పోని స్థితి వచ్చినపుడు ఆ ఉష్ణోగ్రతను నమోదు చేస్తారు.
* పోర్ పాయింట్: ఇంధనం ప్రవహించగలిగే కనిష్ఠ ఉష్ణోగ్రత. ఇంకా చల్లబడితే పాత్రను వంచినా కదలదు.

సాధారణంగా ఈ మూడింటిలో క్లౌడ్ పాయింట్ అన్నింటికన్నా ఎక్కువగానూ, పోర్ పాయింట్ అన్నింటికన్నా తక్కువగానూ ఉంటాయి. వాడుకదారునికి ఎక్కువగా ఉపయోగపడేది రెండవది.

## ఋతువును బట్టి ఇంధన శ్రేణులు

ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 590 ప్రకారం సమశీతోష్ణ ప్రాంతాలకు +5 °సెం నుండి -20 °సెం వరకు సి.ఎఫ్.పి.పి. గల ఆరు శ్రేణులు, ధ్రువ ప్రాంతాల వంటి అతిశీతల ప్రదేశాలకు -20 °సెం నుండి -44 °సెం వరకు ఐదు తరగతులు ఉన్నాయి. జర్మనీలో నవంబరు 16 నుండి ఫిబ్రవరి చివరి వరకు -20 °సెం తట్టుకొనే శీతాకాలపు డీజిల్ అమ్ముతారు.

భారత ప్రమాణం ఐ.ఎస్. 1460 ప్రకారం సాధారణ డీజిల్ సి.ఎఫ్.పి.పి. గరిష్ఠ పరిమితి శీతాకాలంలో (నవంబరు నుండి ఫిబ్రవరి వరకు) 6 °సెం, మిగిలిన నెలలలో 18 °సెం. మైదాన ప్రాంతాలకు ఇది సరిపోతుంది, కానీ హిమాలయాలలోని ఎత్తైన ప్రదేశాలకు చాలదు. ఇండియన్ ఆయిల్ సంస్థ తయారు చేసిన ప్రత్యేక శీతాకాలపు డీజిల్‌ను కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2019 నవంబరు 17న లడఖ్ కోసం విడుదల చేశారు. మొదట పానిపట్ శుద్ధి కర్మాగారంలో తయారైన ఈ ఇంధనం -33 °సెం వద్ద కూడా ప్రవాహ గుణాన్ని కోల్పోదు. లడఖ్, కార్గిల్‌లతో పాటు హిమాచల్ ప్రదేశ్‌లోని కాజా, కీలాంగ్ వంటి ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని దీనిని రూపొందించారు.

## నీటి సమస్య

ట్యాంకులో ఖాళీ స్థలం ఎక్కువగా ఉంటే గాలిలోని తేమ చల్లని గోడలపై నీటి బిందువులుగా మారి అడుగుకు చేరుతుంది. ఈ నీరు 0 °సెం వద్దనే గడ్డకట్టి గొట్టాలను, ఫిల్టరును మూసివేయగలదు. అంటే మైనం ఏర్పడని ఉష్ణోగ్రతలో కూడా ఇంజను ఆగిపోవచ్చు. ట్యాంకును నిండుగా ఉంచడం, నీటిని వేరుచేసే ఫిల్టరు అడుగునున్న మరను విప్పి తరచుగా నీరు తీసివేయడం దీనికి నివారణలు.

## బయోడీజిల్

బయోడీజిల్ ప్రవర్తన అది ఏ నూనె నుండి తయారయిందో దానిపై ఆధారపడుతుంది. సంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా గల పామాయిల్ బయోడీజిల్ 10 °సెం కన్నా పైననే మసకబారుతుంది. ఆవజాతికి చెందిన రేప్‌సీడ్ నూనె బయోడీజిల్ ఇంతకన్నా ఎక్కువ చలిని తట్టుకుంటుంది. ఈ కారణంగానే అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో వేసవి నెలలలో డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపితే, చలికాలంలో 5 శాతమే కలుపుతారు.

## ముందు జాగ్రత్తలు

* చలి ప్రాంతానికి చేరాక అక్కడ దొరికే శీతాకాలపు ఇంధనాన్నే నింపుకోవాలి. మైదానంలో నింపిన డీజిల్ ట్యాంకులో ఎక్కువగా మిగిలి ఉంటే కొత్త ఇంధనం గుణం తగ్గుతుంది.
* ప్రవాహాన్ని మెరుగుపరచే రసాయనాలను ఇంధనం క్లౌడ్ పాయింట్‌కు చల్లబడక ముందే కలపాలి. ఇవి స్ఫటికాలు పెద్దవి కాకుండా అడ్డుకుంటాయే గాని, ఏర్పడిన మైనాన్ని కరిగించవు.
* శీతాకాలానికి ముందు ఫిల్టరు మార్చాలి. సగం మూసుకుపోయిన ఫిల్టరును కొద్దిపాటి మైనం కూడా పూర్తిగా మూసివేస్తుంది.
* ఫిల్టరు హీటరు, గ్లో ప్లగ్గులు, బ్యాటరీ పనితీరును పరీక్షించాలి.
* జనరేటర్ల ట్యాంకులలో వేసవిలో నింపిన డీజిల్ నెలల తరబడి మిగిలి ఉంటుంది. అవసరం వచ్చే వరకు ఆ లోపం బయటపడదు కనుక చలికి ముందే ఇంధనాన్ని మార్చాలి.

అనేక ఇంజన్లలో ఇంజెక్షన్ వ్యవస్థ నుండి తిరిగి వచ్చే వేడి డీజిల్‌ను ఒక కవాటం ద్వారా ఫిల్టరుకు మళ్ళిస్తారు. ఇంజను నడిచాకనే ఇది పనిచేస్తుంది. మొదటిసారి స్టార్టు చేయడానికి విద్యుత్ హీటరు ఉపయోగపడుతుంది.

## కిరోసిన్, పెట్రోలు కలపడం

కిరోసిన్‌లో మైనం తక్కువ కనుక దానిని కలిపితే డీజిల్ గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గుతుంది. అమెరికాలో కిరోసిన్‌ను పోలిన 1వ రకం డీజిల్‌ను చలికాలంలో 2వ రకంతో కలుపుతారు. అయితే కిరోసిన్‌కు కందెన గుణం తక్కువ. డీజిల్‌తోనే కందెన పొందే అధిక పీడన పంపు దీనివల్ల అరిగిపోతుంది. భారతదేశంలో కిరోసిన్‌ను డీజిల్‌లో కలపడం చట్టవిరుద్ధం కూడా. పెట్రోలు కలిపితే ఇంధనం అతి తేలికగా అంటుకుంటుంది కనుక అగ్నిప్రమాదానికి దారితీస్తుంది.

## ఇంధనం గడ్డకట్టినపుడు

స్టార్టరును ఎడతెగకుండా తిప్పితే బ్యాటరీ తరిగిపోతుంది, స్టార్టరు మోటారు కాలిపోవచ్చు. వాహనాన్ని వెచ్చని షెడ్డుకు చేర్చడం అన్నిటికన్నా క్షేమకరం. వీలుకానపుడు ఫిల్టరును, గొట్టాలను వేడినీటిలో తడిపిన గుడ్డలతో వేడిచేయవచ్చు. తరువాత ఫిల్టరు మార్చి, చేతిపంపుతో గాలి తీసివేయాలి. ట్యాంకు కింద మంట పెట్టి వేడిచేయడం అత్యంత ప్రమాదకరం.

కామన్ రైల్ ఇంజన్లలో పీడనం 1600 బార్‌లను దాటగలదు. ఇంజను తిరుగుతుండగా అధిక పీడన గొట్టాలను వదులు చేస్తే వెలువడే ఇంధన ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. అటువంటి గాయానికి పైకి చిన్న రంధ్రమే కనిపించినా వెంటనే వైద్యం అవసరం.

## తెలుగు రాష్ట్రాలలో

ఆదిలాబాదు, లంబసింగి వంటి చోట్ల చలికాలపు రాత్రులు బాగా చల్లగా ఉన్నా, ఆ చలి కొద్ది గంటలే ఉంటుంది కనుక ట్యాంకులోని డీజిల్ గడ్డకట్టడం అరుదు. ఇక్కడ తెల్లవారుజామున ఇంజను స్టార్టు కాకపోవడానికి సాధారణంగా బలహీనమైన బ్యాటరీ గాని, చెడిన గ్లో ప్లగ్గులు గాని కారణమవుతాయి. అయితే ఇక్కడి నుండి కాశ్మీరు, లడఖ్ వైపు శీతాకాలంలో వెళ్ళే వాహనాలకు పై జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

## ఇవి కూడా చూడండి

* డీజిల్ ఇంజను
* బయోడీజిల్
* పారఫిన్ మైనం
* లడఖ్