కాండీ గద్దెపై మధుర నాయకులు

సింహళ ద్వీపము పేరు చెప్పగానే మనవారికి రావణుడు జ్ఞాపకము వచ్చును. చూచి వచ్చినవారు సైతము తేయాకు తోటలను, అనురాధపుర స్తూపములను, సిగిరియా కొండను వర్ణింతురే గాని, ఆ దేశపు కడపటి నలుగురు రాజులు తెలుగు మూలము గల నాయక కుటుంబమువారని చెప్పగా నేను వినలేదు. అందుచేత ఈ ఉగాది సంచికలో వారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పూర్వము మద్రాసులో టిక్కెట్టు కొని ధనుష్కోడిలో ఓడ నెక్కి, తలైమన్నారులో దిగి మరల బండి పట్టుకొనెడివారు. 1964 డిసెంబరు తుఫానుతో ఆ మార్గము పోయినది. ఇప్పుడు చాలమంది విమానములో కొలంబోకు పోవుదురు. అక్కడినుండి కాండీకి 1867లోనే రైలు వచ్చినది, మన బ్రాడ్‌గేజియే. వరిచేలు, కొబ్బరితోటలు దాటి కడుగన్నావ వద్ద బండి ఆయాసపడుచు కొండ నెక్కును. ఒక ప్రక్క రాయి, మరొక ప్రక్క లోయ. పోర్చుగీసువారు, డచ్చివారు ఎన్ని మార్లు దండెత్తినను కాండీని నిలుపుకొనలేకపోవుటకు కారణమేమో ఆ కిటికీలోనుండి చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

కాండీ రాజులు మధురనుండి రాణులను తెచ్చుకొనెడివారు. వీర నరేంద్ర సింహుడు 1739లో పట్టపురాణికి సంతానము లేకుండ గతింపగా, రాణి సోదరుడు శ్రీ విజయ రాజసింహుడను పేర రాజయ్యెను. అతని పిమ్మట అతని బావమరది కీర్తి శ్రీ రాజసింహుడు 1747 మొదలు 1782 వరకు ఏలెను.

నలుగురిలో గొప్పవాడు ఇతడే. బౌద్ధ సంఘము క్షీణించి, భిక్షువులకు దీక్ష యిచ్చుటకు అర్హులే కరవైన కాలమది. కీర్తి శ్రీ సయాము దేశమునకు రాయబారము పంపి, 1753లో ఉపాలి స్థవిరుని రప్పించి దీక్షాక్రమమును మరల నిలిపెను. సయాము నికాయము నేటికిని ఉన్నది. అంతకుముందు దేవతల ఉత్సవముగా నున్న పెరహెరలో బుద్ధుని దంతధాతువునకు అగ్రస్థానము కల్పించినదియు ఇతడే. దంబుల్ల గుహలలోని చిత్రములలో అధికభాగము ఇతని కాలమువే. ఇంత చేసినను, విభూతి పూసుకొనునని కొందరు ప్రధానులకు కంటగింపు. 1760లో గోతిపై ఆసనమమర్చి రాజును చంపుటకు కుట్ర పన్నిరి, అది బయటపడినది. కుట్రలో భిక్షువులు కూడ కలిసిరి. అయినను రాజు విహారములకు దానములు మానలేదు.

అతని తమ్ముడు రాజాధి రాజసింహుడు సింహళ భాషలో కవిత్వము చెప్పిన పండితుడు.

కడపటివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. చిన్ననాటి పేరు కన్నసామి. 1798లో గద్దె నెక్కెను. కాండీ నగరమునకు నేడింత అందము తెచ్చిన చెరువు ఇతడు త్రవ్వించినదే. కాని మనవాడని దాచవలసిన పని లేదు: 1814లో తిరుగబడిన ఎహెలెపొల అను ప్రధాని భార్యాబిడ్డలను చంపించెను. ప్రధానులు ఆంగ్లేయులతో చేరిరి. 1815 మార్చి 2న వ్రాసుకొన్న ఒడంబడికలో ఈ వంశమును 'మలబారు జాతి' యనిరి. ఆ జాతికి కాండీపై హక్కు లేదనిరి. రాజు బంధువులైన మగవారందరిని శత్రువులనిరి. డెబ్బదియారేండ్లు ఏలి, బౌద్ధమును నిలబెట్టినను పరాయివారనిపించుకొనుట తప్పలేదు. రాజును వేలూరు కోటకు తెచ్చి ఉంచిరి. 1832లో అక్కడనే మరణించెను. కాట్పాడి జంక్షనులో దిగినవారు పాలారు ఒడ్డున అతని సమాధి చూడవచ్చును.

ఆ రాజులు సింహళము నేర్చిరి, తమిళము నడపిరి; కొలువులో తెలుగు నిలువలేదు. అయితే తెలుగు అచ్చట బొత్తిగ లేకపోలేదు. పాములనాడించుచు, చేయి చూచి జాతకము చెప్పుచు, తాటాకు గుడారములతో ఊరూర తిరిగిన అహికుంటకులను వారున్నారు. అనురాధపురము జిల్లాలో తంబుత్తెగమ దగ్గర కుడాగమలో కొందరు స్థిరపడిరి. వారి ఇంటి మాట తెలుగు. పిల్లలకు బడిలో సింహళము. తెలుగు అక్షరము నేర్పువారు లేరు. కాండీ చూడబోవువారు ఒక పూట అటు పోయి, వారిని తెలుగులో పలుకరించి రావలెనని నా కోరిక.