అమ్మ ఇంట్లో ఉండాలని ఇచ్చిన డబ్బు

పేద తల్లికి సర్కారు డబ్బిస్తే పని మానేస్తుందన్న మాట ఈమధ్య మన వీధుల్లోనూ వినబడుతోంది. ఈ తగువుకి అమెరికాలో నూరేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. విచిత్రమేమంటే, అక్కడ మొదట డబ్బిచ్చింది తల్లి పని మానాలనే.

1909లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ జరిపిన సభ, కేవలం పేదరికం వల్ల బిడ్డను తల్లి నుంచి విడదీయరాదని తీర్మానించింది. భర్త పోయిన తల్లి బట్టలుతకడానికో ఫ్యాక్టరీకో పోతే పిల్లల్ని చూసేదెవరు? ఇంట్లో ఉండి పెంచనీ, నెలకింత ఇద్దాం అంటూ 1911లో ఇల్లినాయ్ రాష్ట్రం చట్టం చేసింది. 1920 నాటికి దాదాపు నలభై రాష్ట్రాలు అదే బాట పట్టాయి.

1935 సామాజిక భద్రతా చట్టంతో కేంద్రం మూడోవంతు భరించసాగింది. లెక్కకు తీసుకునే మొత్తం మొదటి బిడ్డకు నెలకు 18 డాలర్లు, తరువాతి బిడ్డలకు 12 డాలర్లు మించకూడదు. తల్లి తిండికి పద్దే లేదు! అది 1950లో గాని రాలేదు. దక్షిణాదిన ఈ మమకారం అందరికీ దక్కనూ లేదు. పొలంలో పని దొరికే కాలంలో సాయం ఆపాలని 1943లో లూసియానా నిబంధన పెట్టింది. తెల్ల వితంతువు ఇంట్లో ఉంటే మాతృధర్మం, నల్ల తల్లి ఉంటే సోమరితనం. పత్తి ఏరే వేళకు ఆమె చేలో ఉండాలి.

కామర్సు చదివి, బ్యాంకులో పద్దులు చూసే నాకు అన్నిటికంటే వింతగా తోచింది కోత లెక్క. తల్లి 90 డాలర్లు సంపాదిస్తే భత్యంలో ఆ 90 తగ్గించేవారు. నూటికి నూరు పన్నన్నమాట, కోటీశ్వరుడి మీదా అంత లేదు. ఇక పనికెవరు పోతారు? 1967 సవరణలో మొదటి 30 డాలర్లూ, మిగిలినదానిలో మూడోవంతూ వదిలేశారు. అప్పుడు 90లో 50 చేతికి మిగిలింది.

1975లో ఎదురు దారి తొక్కారు. పిల్లలున్న తక్కువ ఆదాయం కుటుంబానికి, సంపాదించిన మొదటి 4,000 డాలర్ల మీద నూటికి పది చొప్పున సర్కారే ఇచ్చింది. పని చేస్తేనే డబ్బు. 1990లలో దీన్ని బాగా పెంచారు. 1996లో క్లింటన్ సంతకంతో పాత భత్యం రద్దయి, అరవై నెలల గడువు వచ్చింది. ఆ దశాబ్దంలో ఒంటరి తల్లుల ఉద్యోగాలు పెరిగాయి. గడువు వల్లనా, పన్ను రాయితీ వల్లనా, దేశంలో పనులు దండిగా ఉండడం వల్లనా అని ఆర్థికవేత్తలు ఇంకా వాదులాడుకుంటున్నారు. భత్యమూ పోయి పనీ దొరకని తల్లులు కొందరు మిగిలారు. వారి మాట ఆ వాదాల్లో తక్కువ.

2021 జూలై నుంచి డిసెంబరు దాకా, పని షరతు లేకుండా బిడ్డకు నెలకు 250, ఆరేళ్ళలోపు వారికి 300 డాలర్లు ఇచ్చారు. తల్లిదండ్రులు చెప్పుకోదగినంతగా పని మానిన దాఖలా చాలామంది పరిశోధకులకు దొరకలేదు. ఆరు నెలలు చాలవనేవారూ ఉన్నారు. బాలల పేదరికం 2021లో 5.2 శాతానికి దిగి, పథకం ఆగాక 2022లో 12.4కి ఎక్కింది.

మా తమిళనాట 2023 సెప్టెంబరు 15న మొదలైన నెలకు వెయ్యి రూపాయల పథకంలో రూపాయికి రూపాయి కోత పెట్టలేదు. కాని కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదన్నారు. గీతకు ఇవతల పన్నెండు వేలు, అవతల సున్న. అమ్మాయికి ఉద్యోగం వస్తే ఇది ఆగిపోతుందా సార్ అని ఆ రోజుల్లోనే మా కౌంటరులో అడిగారు.