పంజరం కింద వేదిక

లాస్ ఏంజిలస్‌ను ఆనుకుని ఉన్న వెస్ట్ హాలీవుడ్‌లో 'విస్కీ ఎ గో గో' అని ఒక క్లబ్బు ఉంది. అయిదువందల మంది పడితే ఎక్కువ. 2023 మే నెలలో 'ఫానీ' అనే రాక్ బృందం అక్కడ పాడింది. నేనక్కడ లేను. ప్రేక్షకుల్లో ఎవరో సెల్‌ఫోన్‌తో తీసిన వీడియోలో, ఊగుతున్న తలల సందుల్లోంచి చూశాను. డెబ్భై దాటిన ఆడవాళ్ళు. తెల్లబడ్డ జుట్టుతో జూన్ మిల్లింగ్టన్ ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తోంది. రాక్ సంగీతంలో స్త్రీల గురించి ఏళ్ళ తరబడి తరగతిలో పాఠం చెప్పిన నాకు, కొన్నేళ్ళ క్రితం వరకూ ఈ పేరు తెలియదు. జానిస్ జోప్లిన్‌తో మొదలుపెట్టి, 1975లో పుట్టిన 'రనవేస్' మీదికి ఒక్క గెంతు గెంతేదాన్ని. మధ్యలో ఖాళీ ఉందన్న అనుమానం కూడా రాలేదు.

ఆ క్లబ్బు సంగతి కొంచెం చెప్పాలి. 1964 జనవరిలో దాన్ని తెరిచినప్పుడు నేల మీద చోటు చాలక, రికార్డులు వేసే అమ్మాయి కోసం అద్దాల గది ఒకటి పైన వేలాడేటట్టు కట్టారు. ఆ అమ్మాయి పాటకి తగ్గట్టు లోపల నాట్యం చేస్తుంటే, జనం అదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. యజమానులకు కిటుకు దొరికింది, మరికొందరు అమ్మాయిలను పెట్టారు. 'గో గో డాన్సర్' అనే మాట ప్రపంచమంతా పాకడం వెనుక ఈ పంజరం ఉంది. కింద వేదిక మీద మగవాళ్ళు వాయిస్తారు, పైన అద్దాల్లో ఆడది ఊగుతుంది. స్త్రీకి రాక్ సంగీతం కేటాయించిన చోటు ఎక్కడో ఇంత స్పష్టంగా చూపించే కట్టడం మరొకటి ఉంటుందనుకోను. ఆరేడేళ్ళు తిరక్కుండానే అదే క్లబ్బులో, గిటారూ బేసూ కీబోర్డూ డ్రమ్సూ అన్నీ తామే వాయిస్తూ ఫానీ వేదికెక్కింది.

జూన్, జీన్ అక్కచెల్లెళ్ళు. మనీలాలో పుట్టారు. తల్లి ఫిలిపినా, తండ్రి అమెరికన్ నౌకాదళ ఉద్యోగి. 1961లో కుటుంబం కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకు వచ్చింది. అక్కడ వాళ్ళ రంగూ ముఖమూ ఎవరికీ అర్థంకాని వ్యవహారం. బడిలో నలుగురితో కలవడానికి పాట ఒక్కటే దారి అయింది. గిటార్లు పట్టుకుని, స్కూల్లో ఉండగానే 'స్వెల్ట్స్' అనే ఆడపిల్లల బృందం కట్టారు. (నాకూ చిన్నప్పుడు వీణ నేర్పించారు. పెళ్ళిచూపుల దాకా పనికొచ్చింది. ఆ తర్వాత అటక మీదే ఉంది. గిటార్ అడిగితే మా నాన్నగారు నవ్వి ఊరుకున్నారు.)

1969లో లాస్ ఏంజిలస్ చేరారు. ట్రూబడోర్ క్లబ్బులో పాడిన ఒక రాత్రి నిర్మాత రిచర్డ్ పెర్రీ దాకా కబురు వెళ్ళింది. రిప్రైజ్ సంస్థ ఒప్పందం రాసుకుంది. అందులో వాళ్ళ సంగీతం మీది గౌరవం కన్నా, ఆడవాళ్ళ రాక్ బృందం వింతగా అమ్ముడుపోతుందన్న లెక్కే ఎక్కువ. 1970లో మొదటి ఆల్బం వచ్చింది. పెద్ద రికార్డు సంస్థ నుంచి పూర్తి ఆల్బం తెచ్చిన తొలి మహిళా రాక్ బృందం ఇదేనంటారు. 'తొలి' అన్న మాట దగ్గర నాకు కొంచెం ఇబ్బంది ఉంది. అంతకుముందే 'గోల్డీ అండ్ ది జింజర్‌బ్రెడ్స్' ఇలాంటి ఒప్పందం సంపాదించింది. వాళ్ళకు ఆల్బం దక్కలేదు, విడిపాటలతో సరిపెట్టారు. మనం తొలి స్త్రీ ఎవరో తేల్చుకోవడంలో మునిగిపోయి, ఆ స్త్రీ ఏం వాయించిందో వినడం మర్చిపోతాం.

పేరుతోనే అపహాస్యం మొదలైంది. అమెరికన్ వాడుకలో ఫానీ అంటే పిరుదులు. ఇంగ్లండ్‌లో అర్థం ఇంకా మోటు. ఆ శ్లేషనే ప్రచార వాక్యంగా మార్చి కార్ల వెనుక అంటించే స్టిక్కర్లు వేశారు. అయినా 1971లో 'ఛారిటీ బాల్' పాట బిల్‌బోర్డ్ పట్టికలో 40వ స్థానానికి చేరింది. మూడో ఆల్బంను లండన్‌లో, బీటిల్స్ వాళ్ళ ఆపిల్ స్టూడియోలో రికార్డు చేశారు. బాగా వాయిస్తే 'అచ్చం మగవాళ్ళలాగే' అన్నది మెచ్చుకోలు. ఇటు మన సాహిత్య సభల్లోనూ ఆ మెచ్చుకోలు ఎరగని రచయిత్రి ఉండదు. అలసిపోయిన జూన్ 1973లో బయటికొచ్చేసింది. 1975లో 'బటర్ బాయ్' పాట 29వ స్థానానికి చేరేసరికి బృందమే లేదు. వాళ్ళ కాలంలోని అత్యుత్తమ బృందాల్లో ఇదొకటనీ, ఆనవాలు లేకుండా పోయిందనీ డేవిడ్ బోవీ 1999లో ఒక ఇంటర్వ్యూలో వాపోయాడు. ఆ మాటనే అందరం ఉటంకిస్తాం, నాతో సహా. ఒక మగవాడి సాక్ష్యం లేకుండా ఈ కథ నిలబడదా అని ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

జూన్ మాత్రం ఆనవాలు లేకుండా పోలేదు. ఒలీవియా రికార్డ్స్ 1975లో తెచ్చిన క్రిస్ విలియమ్సన్ ఆల్బంలో వాయించింది. ఆడవాళ్ళు ఆడవాళ్ళ కోసం నడుపుకున్న సంస్థ అది. 1986లో ఆన్ హాక్లర్‌తో కలిసి ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది మ్యూజికల్ ఆర్ట్స్ పెట్టి, ఆడపిల్లలకు రాక్ సంగీతం నేర్పుతూ వచ్చింది. పత్రికలూ పట్టికలూ చూడకపోయినంత మాత్రాన ఆ పని జరగలేదని కాదు.

2018లో అక్కచెల్లెళ్ళు, బ్రీ డార్లింగ్‌తో కలిసి 'ఫానీ వాక్డ్ ది ఎర్త్' పేరుతో కొత్త ఆల్బం తెచ్చారు. ఈ బ్రీ కూడా ఫిలిపినో మూలాలున్న మనిషే. 1970 నాటి ఆల్బం రాకముందే, నలుగురు చాలన్న లెక్కలో బృందం నుంచి తప్పించబడి, 1974లో తిరిగొచ్చింది. కొత్త ఆల్బం విడుదలకు కొద్ది వారాల ముందు, జనవరిలో, జీన్‌కు పక్షవాతం వచ్చింది. బేస్ పట్టుకునే చేతులు సహకరించలేదు. బాబీ జో హార్ట్ తీసిన డాక్యుమెంటరీ 2021లో వచ్చాకనే నాలాంటివాళ్ళకు ఇదంతా తెలిసింది.

అందుకే ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూశాను. అంత చిన్న క్లబ్బులో వయసును దాచడానికి పొగా ఉండదు, దూరమూ ఉండదు. యాభై ఏళ్ళ కింద జీన్ కట్టిన బేస్ వరసలను ఆమె కొడుకు వాయిస్తున్నాడు. పాట మాత్రం జీనే పాడుతోంది.