విద్యార్థి రాయితీ పాసులు, టికెట్ల తనిఖీ: పశ్చిమ ప్రకాశం

విద్యార్థి పాసు అంటే ఇంటికి, విద్యాలయానికి మధ్య నిర్ణీత కాలం పాటు ఉచితంగా గానీ తగ్గింపు ధరకు గానీ ప్రయాణించడానికి రవాణా సంస్థ ఇచ్చే అనుమతి పత్రం. 1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి వచ్చి చేరిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఊళ్లు నల్లమల అంచున దూరదూరంగా ఉండడం వల్ల, పదో తరగతి తరువాతి చదువు చాలా కుటుంబాలకు బస్సు మీదే ఆధారపడి ఉంటుంది. దోర్నాల, పెద్దారవీడు వైపు పిల్లలు మార్కాపురానికి, రాచర్ల, కొమరోలు వైపు వారు గిద్దలూరుకు వస్తుంటారు. ఈ రెండు పట్టణాల్లోనూ ఆర్టీసీ డిపోలు ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ పాసులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఉచిత పాసు; ఇది బాలురకు 12 ఏళ్ల వరకు, పదో తరగతి వరకు చదివే బాలికలకు 18 ఏళ్ల వరకు, 20 కిలోమీటర్ల పరిధిలో వర్తిస్తుంది. రెండోది రూట్ పాసు. విద్యార్థి బస్సెక్కే స్టేజీని, దిగే స్టేజీని పేర్కొంటూ, దూరాన్ని బట్టి నిర్ణయించిన తగ్గింపు ధరకు దీనిని ఇస్తారు. స్టేజీ అంటే ఛార్జీ లెక్కకు హద్దుగా పెట్టిన బస్టాపు. పాసు మీది స్టేజీ దాటి ముందుకు వెళ్లేవారు అక్కడి నుంచి టికెట్ కొనాలి. ఈ పాసులు ముఖ్యంగా పల్లెవెలుగు బస్సులకు ఉద్దేశించినవి కావడం వల్ల, కాలేజీ వేళకు ఆ బస్సు రాని ఊరిలో చేతిలో పాసు ఉన్నా రాయితీ అక్కరకు రాదు. పాసు ఎంతమందికి ఇచ్చారన్న లెక్క కంటే ఉదయం, సాయంత్రం ఏ బస్సు ఏ వేళకు నడుస్తున్నదన్నదే ఈ ప్రాంతంలో అసలు కొలమానం. మరోవైపు, రోడ్డు రవాణా సంస్థలు వ్యాపార సూత్రాల మీద నడవాలని 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 22వ సెక్షన్ చెబుతున్నందున, రాయితీ వల్ల తగ్గిన రాబడిని ప్రభుత్వం భర్తీ చేయవలసి ఉంటుంది.

తనిఖీ ప్రయాణికుడికీ కండక్టరుకూ కలిపి జరిగే పరీక్ష. ఆర్టీసీలో చిరకాలంగా ఉన్న నియమం ప్రకారం కండక్టర్ స్టేజీలో ఎక్కిన వారందరికీ టికెట్లు ఇచ్చిన తరువాతే బస్సు కదలాలి. దారి మధ్యలో బస్సునాపి ఎక్కిన ఇన్‌స్పెక్టర్లు టికెట్ యంత్రంలోని లెక్కను, బస్సులో ఉన్న తలలను, చేతుల్లోని టికెట్లను సరిపోల్చి, పాసుదారుల ఫోటోను, గడువును, స్టేజీలను చూస్తారు. టికెట్ గానీ పాసు గానీ లేని ప్రయాణానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్ కింద 500 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. టికెట్ ఇవ్వని కండక్టరుకూ అదే సెక్షన్ వర్తిస్తుంది. అయితే కండక్టరుకు జరిమానా కంటే ఉద్యోగమే పెద్ద భయం. హర్యానాలో 11 మంది టికెట్ లేని ప్రయాణికులతో తనిఖీలో దొరికిన రతన్ సింగ్ అనే కండక్టర్ కేసులో, శాఖాపరమైన విచారణకు సాక్ష్య చట్టం కఠినంగా వర్తించదని, ఆ ప్రయాణికుల వాంగ్మూలం లేనంత మాత్రాన తొలగింపు చెల్లకపోదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. కిక్కిరిసిన బస్సులో వెనక సీట్ల దాకా వెళ్లి పాసులు చూసే కండక్టర్ కరకుదనం వెనుక ఈ భయం ఉందని గుర్తించడం న్యాయం.

గుంటూరు–నంద్యాల మార్గంలో మార్కాపూర్ రోడ్, తర్లుపాడు, కంభం, గిద్దలూరు స్టేషన్లు ఉన్నందున రైలు సీజన్ టికెట్ కూడా ఇక్కడ ప్రస్తావించవలసినదే. 2008–09 రైల్వే బడ్జెట్ ఉచిత నెలసరి సీజన్ టికెట్‌ను బాలురకు 12వ తరగతి వరకు, బాలికలకు డిగ్రీ వరకు పొడిగించింది. ఇది ఇంటికి, విద్యాలయానికి మధ్య రెండో తరగతి ప్రయాణానికి పరిమితం. టికెట్ లేకుండా దొరికినవారు 1989 నాటి రైల్వే చట్టం 138వ సెక్షన్ కింద ఛార్జీతో పాటు అదనంగా కనీసం 250 రూపాయలు చెల్లించాలి. మోసపు ఉద్దేశంతో ప్రయాణిస్తే 137వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో రాష్ట్రంలో నివసించే మహిళలందరికీ ఉచిత ప్రయాణం కల్పించడంతో, విద్యార్థినులకు ఆ బస్సుల్లో పాసు అవసరం దాదాపుగా తీరింది. గుర్తింపు కార్డు చూపి కండక్టర్ దగ్గర సున్నా టికెట్ మాత్రం తీసుకోవాలి. ఇక మిగిలినది 12 ఏళ్లు దాటిన బాలుడి సమస్య. రైల్వే ఇంటర్మీడియట్ దాకా ఉచితంగా తీసుకువెళ్లే విద్యార్థి, అదే ఊరి నుంచి బస్సెక్కితే హైస్కూలు వయసులోనే పాసు కొనవలసి వస్తున్నది. రైలు మార్గానికి దూరంగా ఉన్న యర్రగొండపాలెం, దోర్నాల మండలాల పిల్లలకు బస్సు తప్ప వేరే దారి లేదు కనుక, ఆర్టీసీ ఉచిత పాసు పరిమితిని బాలుర విషయంలో కూడా కనీసం పదో తరగతి వరకు పెంచడం అవసరం.