వ్యాయామం తర్వాత ఒళ్ళు నొప్పులకు ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా?

తిరుమల మెట్లు ఎక్కిన రోజు అలసట వేరు, మర్నాడో మూడో రోజో కుర్చీలోంచి లేవబోతే తొడలు పట్టేసే నొప్పి వేరు. మనం చెప్పుకునేది ఈ రెండోదాని గురించి. జిమ్‌లో చేరిన తొలి వారంలోనూ, చాలాకాలం తర్వాత గుంజీలు తీసినా ఇదే నొప్పి వస్తుంది. నిజానికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ నొప్పి తెస్తుంది. దిగేటప్పుడు తొడ కండరం ఒంటి బరువును ఆపుతూనే సాగాల్సి వస్తుంది, అందువల్ల లోపలి పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. నొప్పి 12 నుంచి 24 గంటల్లో మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, సాధారణంగా వారంలోపు దానంతటదే పోతుంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోవడమే కారణమని జిమ్‌లలో చెబుతుంటారు గానీ, అది వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లోనే మామూలు స్థాయికి దిగుతుంది.

ఆక్యుపంక్చర్ చైనా వైద్యం. వెంట్రుకంత సన్నని సూదులను నిర్ణీత చోట్ల గుచ్చి కాసేపు ఉంచుతారు, వాటిలో మందేమీ ఉండదు. 1938లో షోలాపూర్ బిడ్డ డాక్టర్ కోట్నీస్‌తో కలిసి చైనాకు వెళ్ళిన వైద్య బృందంలోని బెంగాలీ డాక్టర్ బి.కె. బసు, 1950ల చివర్లో మళ్ళీ అక్కడికి వెళ్ళి ఈ విద్య నేర్చుకుని కలకత్తాకు తెచ్చారు. షోలాపూర్ తెలుగువారికి ఈ కథ సగం తెలిసే ఉంటుంది.

సూది నరాలను ప్రేరేపిస్తే శరీరం ఎండార్ఫిన్ల వంటి నొప్పినివారక రసాయనాలను వదులుతుందన్నది ఆధునిక వివరణ. అయితే వ్యాయామం తర్వాతి నొప్పిపై జరిగిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు ఒకదానితో ఒకటి కలవవు. కొన్నిటిలో నొప్పి కాస్త తగ్గింది. మరికొన్నిటిలో గుచ్చినట్టు నటించిన ఉత్తుత్తి సూదులకూ అంతే ఉపశమనం కనిపించింది. కండరం బలం త్వరగా తిరిగివస్తుందని గట్టిగా చెప్పగల ఆధారం లేదు. పైగా మూడో రోజు సూదులు వేయించుకుంటే నాలుగో రోజుకు నొప్పి తగ్గుతుంది, వేయించుకోకపోయినా తగ్గుతుంది. అందుకే ఈ ఒక్క నొప్పి కోసం పది సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టడం దండగన్నదే మా అభిప్రాయం. మెల్లగా నడవండి, వేడినీళ్ళ స్నానం చేయండి, తర్వాతిసారి వ్యాయామం కొద్దికొద్దిగా పెంచండి.

అయినా చేయించుకోవాలనుకుంటే, సీలు తీయని, ఒక్కసారే వాడే సూదులు మీ కళ్ళముందే తెరవమనండి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు ముందే ఆ సంగతి చెప్పాలి. ఛాతీ మీద, భుజాల దగ్గర లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది. అరుదే గానీ జరిగింది. మహారాష్ట్రలో ఈ వైద్యానికి ప్రత్యేక చట్టం ఉంది కాబట్టి అక్కడివారు రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగవచ్చు, మొహమాటపడనక్కర్లేదు.

విపరీతమైన వ్యాయామం తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, కండరం బాగా వాచి నీరసం కమ్మినా సూదుల దగ్గరికి కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కండరం కరిగి రక్తంలో కలుస్తోందనడానికి అది గుర్తు కావచ్చు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.