సర్వమో శూన్యమో ఆలోచనా ధోరణి

సర్వమో శూన్యమో ఆలోచనా ధోరణి అనగా ఒక పనిని గాని, ఒక మనిషిని గాని, తనను తాను గాని రెండే గడులలో ఉంచి తూచే మానసిక అలవాటు. ఈ దృష్టిలో ప్రతిదీ సంపూర్ణ విజయమో, సంపూర్ణ పరాజయమో అవుతుంది. నడిమి స్థితులకు చోటుండదు. ఆంగ్లంలో దీనిని ఆల్ ఆర్ నథింగ్ థింకింగ్ అనీ, డైకోటమస్ థింకింగ్ అనీ అంటారు. మనస్తత్వ శాస్త్రంలో ఇది ఆలోచనా వక్రతలలో ఒకటిగా పరిగణింపబడుతుంది. ఇది దానికదే వ్యాధి కాదు. హెచ్చుతగ్గులతో అందరిలోనూ కనిపించేదే.

చరిత్ర

అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ (1921–2021) పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కుంగుబాటు రోగుల మాటలను పరిశీలిస్తూ, వారి దుఃఖం వెనుక కొన్ని తార్కిక దోషాలు పదేపదే కనిపిస్తున్నాయని గమనించాడు. ఆ దోషాలను వివరిస్తూ 1963లో ఒక వ్యాసం ప్రచురించాడు. 1979లో సహచరులతో కలిసి వెలువరించిన కాగ్నిటివ్ థెరపీ ఆఫ్ డిప్రెషన్ గ్రంథంలో ఈ ధోరణి కూడా వర్ణింపబడింది. బెక్ వద్ద శిక్షణ పొందిన డేవిడ్ బర్న్స్ 1980లో సామాన్య పాఠకుల కోసం వ్రాసిన ఫీలింగ్ గుడ్ పుస్తకంలో పది వక్రతలను పేర్కొని, దీనికి మొదటి స్థానమిచ్చాడు. ఈ పేరు జనంలోకి వెళ్ళినది ప్రధానంగా ఆ పుస్తకం వలననే.

నిత్యజీవితంలో

"ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి" అనే సామెత ఉన్ననాడు విందు, లేనినాడు పస్తు అన్నట్లు బ్రతికేవారిని గురించి పుట్టినది. ఈ ధోరణికి తెలుగులో ఇంతకంటే చక్కని వర్ణన దొరకదు. మధుమేహం ఉన్న ఒక వ్యక్తి నెల రోజులు పథ్యం పాటించి, పెళ్ళిలో ఒక లడ్డూ తింటాడు. "ఎలాగూ నియమం తప్పింది" అనుకుని విస్తరిలోని మిఠాయిలన్నీ ముగిస్తాడు. మరునాటి నడక కూడా మానివేస్తాడు. ఒక లడ్డూ చేసే చెరుపు స్వల్పం. అసలు నష్టం, దానిని పూర్తి ఓటమిగా లెక్కగట్టిన తరువాతి వారంలో జరుగుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. పీటర్ హెర్మన్, డెబోరా మాక్ 1975లో ప్రచురించిన ప్రయోగంలో, ఆహార నియంత్రణ పాటించేవారికి ముందుగా మిల్క్ షేక్ ఇచ్చి, పిదప ఐస్ క్రీమ్ అందుబాటులో ఉంచారు. కడుపు నిండినందున వారు తక్కువ తినవలసి ఉండగా, ఎక్కువ తిన్నారు. నియంత్రణ పాటించనివారు మాత్రం తగ్గించుకున్నారు. మద్యపానం మానిన వారు ఒక్కసారి తాగగానే పూర్తిగా పాత అలవాటుకు జారిపోవడాన్ని అలాన్ మార్లాట్ ఇదే రీతిలో వివరించాడు. ఆయన లెక్కలో జారుపాటు వేరు, పతనం వేరు. మొదటిదానికి మనిషి చెప్పుకునే అర్థమే అతనిని రెండవదానివైపు నెడుతుంది.

పరీక్షలు, విద్యార్థులు

తెలుగునాట ఈ ధోరణి అత్యంత ప్రమాదకరంగా కనిపించేది పరీక్షా ఫలితాల రోజున. ఇంటర్మీడియట్‌లో ఒక సబ్జెక్టు తప్పిన విద్యార్థి మిగిలినవి మళ్ళీ వ్రాయనవసరం లేదు. తప్పినదానిని సప్లిమెంటరీలో వ్రాసుకోవచ్చు. అనగా నడిమి స్థితి ఒకటున్నదని పరీక్షా విధానమే ఒప్పుకున్నది. ఒప్పుకోనిది విద్యార్థి మనసు, ఒక్కొక్కసారి ఇంటి పెద్దల నోటి మాట. "పాసా, ఫెయిలా?" అన్న ప్రశ్నలో మూడవ జవాబుకు తావు లేదు.

తెలంగాణలో 2019 ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్లు పత్రికలు నివేదించాయి. మార్కుల నమోదులో దోషాలపై వివాదం చెలరేగగా, తప్పిన వారందరి జవాబు పత్రాలను ప్రభుత్వం ఉచితంగా పునఃపరిశీలింపజేసింది. వేయి మందికి పైగా ఉత్తీర్ణులైనట్లు అప్పుడు తేలింది. ఆత్మహత్యలకు కారణాలు అనేకం. వాటిని ఒక్క ఆలోచనా ధోరణికి అంటగట్టడం సరికాదు. అయితే తుది తీర్పుగా కనిపించిన కాగితం కొందరి విషయంలో తప్పుల కాగితమని కూడా ఈ ఉదంతం చూపింది.

గుర్తించడం

ఈ ధోరణి ముందుగా మాటలలో బయటపడుతుంది. "ఎప్పుడూ ఇంతే", "ఎన్నడూ కుదరదు", "అంతా పోయింది", "పూర్తిగా దండగ" వంటి నిరపేక్ష పదాలు దాని జాడలు. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఆందోళన, కుంగుబాటు ఉన్నవారి రాతలలో ఇటువంటి పదాలు ఇతరుల రాతలలో కంటే ఎక్కువగాను, ఆత్మహత్యా తలంపులున్నవారి రాతలలో మరింత ఎక్కువగాను కనిపించాయి.

అధిగమించే పద్ధతులు

చికిత్సలో తరచుగా వాడేది కొలబద్ద పద్ధతి. "నేను పనికిరాని తల్లిని" అనుకునే స్త్రీని, 0 నుండి 100 వరకు ఒక గీత గీసి, సున్నా వద్ద ఉండే తల్లి ఏమి చేస్తుందో, నూరు వద్ద ఉండే తల్లి ఏమి చేస్తుందో వ్రాయమంటారు. తరువాత తనకు తెలిసిన నలుగురైదుగురిని గీతపై ఉంచమని, చివరకు తనను ఉంచుకోమంటారు. సున్నా వద్ద తాను లేనని, నూరు వద్ద ఎవరూ లేరని ఆమెకే తెలిసివస్తుంది. ఓదార్పు మాటల కంటే ఇది ఎక్కువ పనిచేయడానికి కారణం, తీర్పు ఆమెదే కావడం.

రెండవది, కనీస మోతాదును ముందే నిర్ణయించుకోవడం. గంట చదువు కుదరని నాడు పది నిమిషాలు, నాలుగు కిలోమీటర్ల నడక కుదరని నాడు వీధి చివరి వరకు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 96 మందిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక అలవాటు కుదురుకోవడానికి 18 నుండి 254 రోజులు పట్టవచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన ఆ ప్రక్రియ చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు.

మూడవది వాక్యాన్ని మార్చడం: "తప్పాను" అన్నచోట "ఈసారి తప్పాను, ప్రయత్నం సాగుతూనే ఉన్నది" అనడం.

పరిమితులు

రెండే దారులుండే ప్రతి నిర్ణయమూ వక్రత కాదు. మద్యం సేవించి వాహనం నడపడంలో మధ్యేమార్గం లేదు. మద్యానికి తీవ్రంగా బానిసైన వారికి వైద్యులు సాధారణంగా పూర్తి నిషేధాన్నే సూచిస్తారు. ఇక మనుషులను దేవతలుగానో రాక్షసులుగానో మార్చి మార్చి చూడడం బార్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మతలో తరచుగా కనిపిస్తుంది. దానికి నిపుణుల చికిత్స అవసరం. నిరాశ తీవ్రమై ప్రాణం మీదికి తలంపు వచ్చినప్పుడు పైన చెప్పిన అభ్యాసాలు చాలవు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.