మూత్రాశయ క్యాన్సర్ చరిత్రలో జంతువుల సాక్ష్యం

"ఎలుకలపై మందు అద్భుతంగా పనిచేసింది" అనే వార్త పత్రికలో కనబడగానే కొందరు చికిత్స దొరికిందని సంబరపడతారు. మరికొందరు ఎలుకకూ మనిషికీ పోలికేమిటని పెదవి విరుస్తారు. రెండూ తొందరపాటే. జంతువు చెప్పేది సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు. ఈ సంగతి మూత్రాశయ క్యాన్సర్ చరిత్రలో కనబడినంత స్పష్టంగా మరెక్కడా కనబడదేమో.

1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ ఒక విషయం గమనించాడు. అద్దకపు రంగుల కర్మాగారంలో పనిచేసేవారికి మూత్రాశయంలో కణితులు వస్తున్నాయి. రంగుల తయారీలో వాడే ఆరోమాటిక్ అమీన్లనే రసాయనాలపై క్రమంగా అనుమానం బలపడింది. అయితే ప్రయోగశాలలో ఎలుకలకూ కుందేళ్లకూ వాటిని ఇచ్చి చూస్తే, మూత్రాశయంలో స్పష్టమైన క్యాన్సర్ కనబడలేదు. అక్కడితో ఆగి ఉంటే ఆ రసాయనాలు నిర్దోషులుగా మిగిలిపోయేవి.

1938లో అమెరికాలో విల్‌హెల్మ్ హ్యూపర్, ఆయన సహచరులు బీటా నాఫ్థైలమీన్ అనే రసాయనాన్ని దీర్ఘకాలం కుక్కలకు ఇచ్చి, వాటి మూత్రాశయాలలో కణితులు పుట్టడాన్ని ప్రపంచానికి చూపారు. ఎలుకలో రానిది కుక్కలో ఎందుకు వచ్చింది? ఇటువంటి రసాయనాలను కొంతవరకు నిర్వీర్యం చేసే ఎసిటైలేషన్ అనే ప్రక్రియ చాలా జీవులలో ఉంటుంది. కుక్కలో అది లేదు. మనుషులలోనూ కొందరికి ఆ ప్రక్రియ మందకొడిగా సాగుతుంది. కనుక ఈ విషయంలో ఎలుక కన్న కుక్కే మనకు దగ్గర.

సాక్ష్యం దొరికినంత మాత్రాన న్యాయం వెంటనే జరగలేదు. బ్రిటన్‌లో ఆ రసాయనాన్ని చట్టం ద్వారా నిషేధించినది 1967లో. కుక్కల ప్రయోగానికీ ఆ చట్టానికీ నడుమ ఇరవై తొమ్మిదేళ్లు గడిచాయి.

కారణం తెలుసుకోవడం ఒక ఎత్తు, చికిత్సను పరీక్షించడం మరొక ఎత్తు. అందుకు ముందుగా అదే జబ్బు ఉన్న జంతువు కావాలి. 1960వ దశకం నుంచి కొన్ని రసాయనాలను మేతలోనో నీటిలోనో కలిపి, ఎలుకలలో మూత్రాశయ క్యాన్సర్ రప్పించడం సాధ్యమైంది. ఆ కణితుల కణాలను గాజుపాత్రలలో పెంచి, ఆరోగ్యవంతమైన చుంచెలుకల మూత్రాశయంలో నాటి, మందులను పరీక్షించే పద్ధతి తరువాత వచ్చింది.

మీ భుజంపై బి.సి.జి. టీకా మచ్చ ఉండే ఉంటుంది. క్షయ నివారణకు వేసే ఆ టీకాయే మూత్రాశయ క్యాన్సర్‌కు మందు అయింది. బి.సి.జి. ఇచ్చిన చుంచెలుకలు కణితులను ఎక్కువగా తట్టుకుంటున్నాయని 1959లో లాయిడ్ ఓల్డ్ బృందం ప్రకటించింది. గినీ పందుల మూత్రాశయం చర్మంలాగే రోగనిరోధక ప్రతిస్పందన చూపగలదని 1966లో తేలింది. ఈ బాటలోనే నడిచి, కెనడా వైద్యుడు ఆల్వారో మొరాలెస్ 1976లో తొమ్మిదిమంది రోగుల అనుభవాన్ని ప్రచురించాడు. సన్నని గొట్టం ద్వారా బి.సి.జి.ని మూత్రాశయంలోకి ఎక్కించడం ఆయన పద్ధతి. వారానికొకసారి చొప్పున ఆరువారాలు ఇవ్వడం నేటికీ కొనసాగుతోంది. ఆ ఆరు అనే అంక వెనుక గొప్ప శాస్త్రీయ లెక్క ఏదీ లేదు. ఆనాడు ఆ మందు ఆరేసి సీసాల పెట్టెలలో వచ్చేది.

ఇంతకీ అది ఎలా పనిచేస్తుంది? 1987లో రాట్లిఫ్ బృందం థైమస్ గ్రంథి లేని చుంచెలుకలలో ప్రయత్నిస్తే బి.సి.జి. పనిచేయలేదు. కణితిని ఎదుర్కొనే పనిలో మన టి-కణాలు తప్పనిసరి అని దానివల్ల రుజువైంది. మనిషిలో చేయరాని ప్రయోగం అది.

అయితే ఎలుక తప్పుదారి కూడా పట్టించింది. సాకరిన్ తిన్న ఎలుకలకు మూత్రాశయ కణితులు వచ్చాయని 1977లో అమెరికాలో కలకలం రేగి, ఆ తీపి పదార్థపు పొట్లాలపై హెచ్చరిక ముద్రించవలసి వచ్చింది. మగ ఎలుకల మూత్రపు ప్రత్యేక గుణం వల్ల అందులో స్ఫటికాలు ఏర్పడి, లోపలి పొరను ఒరిపిడికి గురిచేస్తున్నాయని తరువాత తెలిసింది. మనిషికి ఆ బెడద లేదు. 2000లో ఆ హెచ్చరికను తొలగించారు.

ఇప్పుడు మరొక దారి తెరుచుకుంది. స్కాటిష్ టెరియర్ జాతి పెంపుడు కుక్కలకు ఈ క్యాన్సర్ సహజంగానే, ఇతర కుక్కల కన్న ఎన్నో రెట్లు అధికంగా వస్తుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పశువైద్యులు యజమానుల అంగీకారంతో వాటికి చికిత్స చేస్తూ, మనుషులకు పనికివచ్చే పాఠాలు నేర్చుకుంటున్నారు. ఇక్కడ జంతువు సాక్షి మాత్రమే కాదు, రోగి కూడా.

కాబట్టి ఇకపై అటువంటి వార్త చదివితే మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏ జంతువు? జబ్బు సహజంగా వచ్చిందా, తెప్పించారా? మనుషులపై పరీక్ష జరిగిందా?

చివరగా ఒక మాట. హ్యూపర్ కుక్కలకు ఇచ్చిన ఆ బీటా నాఫ్థైలమీనే సిగరెట్టు పొగలోనూ ఉంది. మూత్రాశయ క్యాన్సర్‌కు పొగ తాగడమే అతి ముఖ్యమైన కారణం. పొగ మానండి. నొప్పి లేకుండా, ఒక్కసారే అయినా, మూత్రంలో రక్తం కనబడితే "తగ్గిపోయిందిలే" అని ఊరుకోక వైద్యుని కలవండి. ఆ మూగజీవాలు చెప్పిన సాక్ష్యాన్ని వృథా పోనివ్వకండి.